వజ్రాలు ఎవరివి? అరవై ఏళ్ల బోట్స్వానా

2025 నవంబర్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము బోట్స్వానా వెళ్లినప్పుడు మన టీవీల్లో ఎక్కువగా కనిపించింది చీతాలే. భారత్‌కు ఎనిమిది చీతాలను అప్పగిస్తున్నారన్నది వార్త. ఆ దేశం గురించి మన పత్రికల్లో అంతకు మించి పెద్దగా రాదు. నాకు మాత్రం ఆ పర్యటనలో ఆసక్తి కలిగించింది ఆమెకు ఆతిథ్యం ఇచ్చిన అధ్యక్షుడు డ్యూమా బోకో. ఆయన పదవిలోకి వచ్చి అప్పటికి ఏడాదే అయింది. అంతకుముందు, 1966లో స్వాతంత్ర్యం వచ్చిన రోజు నుంచి 58 ఏళ్ల పాటు ఆ దేశాన్ని ఏలింది ఒకే పార్టీ, బోట్స్వానా డెమోక్రటిక్ పార్టీ. 2024 అక్టోబర్ 30న ఓటర్లు ఆ పార్టీని దించేశారు. నవంబర్ 1కల్లా అధికారం చేతులు మారింది. సైన్యం బారకాసుల్లోంచి బయటికి రాలేదు, ఓడిన అధ్యక్షుడు కోర్టుకు వెళ్లలేదు.

2026 సెప్టెంబర్ 30తో బోట్స్వానా స్వాతంత్ర్యానికి షష్టిపూర్తి. ఆ దేశం మాట వస్తే సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. వజ్రాలు దొరికాయి కాబట్టి బాగుపడిందని కొందరంటారు. ఆఫ్రికాలో ప్రజాస్వామ్యానికి అదే నమూనా అని మరికొందరంటారు. మొదటిది నిలవదు. వజ్రాలు అంగోలాలోనూ, సియెర్రా లియోన్‌లోనూ, కాంగోలోనూ ఉన్నాయి. అక్కడ ఆ వజ్రాల డబ్బుతోనే అంతర్యుద్ధాలకు తుపాకులు కొన్నారు. రెండోదాంట్లో కొంత నిజం ఉంది. కానీ అన్ని ఎన్నికల్లోనూ ఒకే పార్టీ గెలుస్తూ పోతే దాన్ని పూర్తి ఆరోగ్యమైన ప్రజాస్వామ్యం అనడానికి నాకు మనసొప్పదు. నాకు అర్థమైనంతలో బోట్స్వానా చేసిన గొప్ప పని ఒకటి ఉంది. దేశంలోని సంపద ఎవరిది, పాలించేవాడి అధికారం ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నలను డబ్బు వచ్చాక కాకుండా, రాకముందే తేల్చుకుంది. అప్పుడు గీసుకున్న హద్దులే చివరికి వాటిని గీసిన పార్టీని కూడా ఇంటికి పంపాయి.

లండన్ వెళ్లిన ముగ్గురు రాజులు

బోట్స్వానా విస్తీర్ణం దాదాపు 5.8 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అందులో సగం కాదు. జనాభా మాత్రం సుమారు పాతిక లక్షలు. దేశంలో ఎక్కువ భాగం కలహారి ఎడారి, సముద్ర తీరం లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటన్‌కు ఈ నేల మీద పెద్దగా ఆశ లేదు. పశ్చిమాన జర్మన్లు, తూర్పున బోయర్లు (డచ్ మూలాలున్న తెల్ల వలసదారులు) కలిసిపోకుండా మధ్యలో అడ్డుగా ఉంటే చాలనుకుని 1885లో దీన్ని బెచువానాలాండ్ పేరుతో తన రక్షణ కిందికి తెచ్చుకుంది.

ఆశ పడ్డవాడు సెసిల్ రోడ్స్, దక్షిణాఫ్రికా గనుల్లో ధనవంతుడైన బ్రిటిష్ వ్యాపారి, రాజకీయ నాయకుడు. ఈ ప్రాంతాన్ని తన కంపెనీకి అప్పగించమని బ్రిటిష్ ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చాడు. పక్కనే జింబాబ్వే ప్రాంతంలో అదే కంపెనీ ఏం చేసిందో ఇక్కడి తెగల పెద్దలు కళ్లారా చూశారు. అందుకే 1895లో బంగ్వాటో తెగ నుంచి మూడో ఖామా, బక్వేనా నుంచి సెబెలె, బంగ్వాకెట్సే నుంచి బాథోయెన్ ఓడెక్కి లండన్ వెళ్లారు. వలస వ్యవహారాల మంత్రి జోసెఫ్ చాంబర్లేన్‌ను కలిసి, అక్కడితో ఆగకుండా క్రైస్తవ సంఘాల సాయంతో బ్రిటన్‌లో ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడారు. విక్టోరియా రాణినీ కలిశారు. చివరికి రైల్వే లైను కోసం కొంత భూమి వదులుకుని, మిగతా నేలను రోడ్స్ చేతిలో పడకుండా కాపాడుకున్నారు. మరి కొద్ది వారాలకే రోడ్స్ అనుచరులు బోయర్ల రాజ్యమైన ట్రాన్స్‌వాల్ మీద దాడికి దిగి అభాసుపాలు కావడంతో ఆ ప్రమాదం మరింత దూరమైంది. ముగ్గురు రాజుల విగ్రహాలు ఇవాళ రాజధాని గాబొరోన్‌లో నిలువెత్తున ఉన్నాయి.

ఆ తర్వాత డెబ్బై ఏళ్ల పాటు బ్రిటన్ ఈ దేశాన్ని దాదాపు గాలికి వదిలేసింది. పాలనా కేంద్రం దేశంలో కూడా లేదు. సరిహద్దు అవతల, దక్షిణాఫ్రికాలోని మఫెకింగ్ పట్టణంలో కూర్చుని అధికారులు పాలించేవారు. స్కూళ్లు, ఆసుపత్రులు, రోడ్లు పట్టించుకున్నవారు లేరు. ఈ నిర్లక్ష్యం వల్ల జనానికి జరిగిన నష్టం చిన్నది కాదు. అయితే దాని వల్లే పాత వ్యవస్థలు కొన్ని చెక్కుచెదరకుండా మిగిలాయి. వాటిలో ముఖ్యమైంది ఖోట్లా, అంటే ఊరి సభ. రాజు అక్కడ కూర్చుంటే ఎవరైనా లేచి ఆయన నిర్ణయాన్ని ముఖం మీదే తప్పుపట్టవచ్చు. అందరూ మాట్లాడాక రాజు సారాంశం చెప్పి నిర్ణయం ప్రకటించాలి. కానీ ఈ 'ఎవరైనా' అన్న మాటలో ఆడవాళ్లు లేరు, కలహారిలో వేటాడి బతికే బసార్వా జనం లేరు. అందుకని ఖోట్లాను పుట్టు ప్రజాస్వామ్యం అని ఆకాశానికెత్తడం సరి కాదు. పాలకుడు జనం ముందుకొచ్చి జవాబు చెప్పాలన్న అలవాటును మాత్రం అది నిలబెట్టింది.

ఒక పెళ్లి, ఆరేళ్ల ప్రవాసం

మూడో ఖామా మనవడు సెరెట్సే ఖామా. బంగ్వాటో తెగకు కాబోయే రాజు. ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లి, తర్వాత లండన్‌లో లా చదువుతూ 1948లో రూత్ విలియమ్స్ అనే తెల్ల అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె లండన్‌లో ఒక ఇన్సూరెన్స్ సంస్థలో క్లర్కు. అదే సంవత్సరం దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను చట్టంగా మార్చే పార్టీ అధికారంలోకి వచ్చింది. సరిహద్దుకు ఇవతల నల్ల రాజు, తెల్ల రాణి ఉంటే అక్కడి ప్రభుత్వం సహిస్తుందా? బ్రిటన్‌కు దక్షిణాఫ్రికా బంగారం కావాలి, యురేనియం కావాలి. దాంతో లండన్ పెద్దలు ఒత్తిడికి లొంగిపోయారు.

రాజప్రతినిధిగా ఉన్న చిన్నాన్న షెకెడి ఖామా కూడా మొదట ఈ పెళ్లిని గట్టిగా వ్యతిరేకించాడు. సెరోవే ఊరి ఖోట్లాలో రోజుల తరబడి చర్చ నడిచింది. 1949 జూన్‌లో సభకు వచ్చిన వేలమంది సెరెట్సే వైపే నిలబడ్డారు. జనం ఒప్పుకున్నారు, బ్రిటన్ ఒప్పుకోలేదు. విచారణ సంఘం వేసింది, ఆ సంఘం ఇచ్చిన నివేదిక ఇబ్బందికరంగా ఉండటంతో తొక్కిపెట్టింది. మాట్లాడుకుందాం రమ్మని 1950లో సెరెట్సేను లండన్‌కు పిలిపించి, తిరిగి స్వదేశంలో అడుగు పెట్టకుండా నిషేధించింది. 1956లో తెగ రాజరికాన్ని వదులుకుంటున్నానని సంతకం పెట్టాకే ఆయన్ను మామూలు పౌరుడిగా ఇంటికి రానిచ్చింది.

బ్రిటన్ చేసింది నమ్మకద్రోహం. కానీ దాని ఫలితం ఎవరూ ఊహించని విధంగా వచ్చింది. సెరెట్సే ఇప్పుడు రాజు కాడు. జనం మనసులో ఆ గౌరవం ఉంది, చేతిలో సింహాసనం లేదు. 1962లో ఆయన బోట్స్వానా డెమోక్రటిక్ పార్టీ స్థాపించాడు. ఆయన పక్కన నిలబడ్డ క్వెట్ మసిరె రాజవంశీకుడు కాదు. స్కూలు నడిపినవాడు, పత్రికల్లో రాసినవాడు, రైతు. పశువుల మందలున్న కామందులు, టీచర్లు, ఊళ్ల పెద్దలు ఆ పార్టీకి బలమయ్యారు. 1965 ఎన్నికల్లో 31 సీట్లకు 28 గెలిచింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 30న సెరెట్సే తొలి అధ్యక్షుడయ్యాడు.

పన్నెండు కిలోమీటర్ల తారు రోడ్డు

స్వాతంత్ర్యం వచ్చిన రోజున దేశం మొత్తానికి ఉన్న తారు రోడ్డు సుమారు పన్నెండు కిలోమీటర్లు. డిగ్రీ చదివినవాళ్లు 22 మంది, హైస్కూలు పూర్తి చేసినవాళ్లు వంద మంది అని లెక్కలు చెబుతాయి. ఏళ్ల తరబడి కరువు. లక్షల పశువులు చచ్చిపోయాయి, జనంలో పెద్ద భాగం సాయంగా వచ్చిన ధాన్యం మీద బతుకుతోంది. ఎగుమతి అంటే లోబాట్సే కబేళా నుంచి వెళ్లే గొడ్డు మాంసం. మగవాళ్లు దక్షిణాఫ్రికా గనులకు కూలికి పోయేవారు. సర్కారు బడ్జెట్‌లో సగం దాకా బ్రిటన్ ఇచ్చే గ్రాంటే. గాబొరోన్‌ను కూడా కొత్తగా, పొదల మధ్య, హడావిడిగా కట్టాల్సి వచ్చింది. ఈ దేశం నిలబడుతుందని బయట ఎవరూ అనుకోలేదు.

ఈ పరిస్థితిలో చేసిన చట్టాలను నేను అన్నిటికంటే ముఖ్యంగా చూస్తాను. తెగ రాజుల అధికారాలకు 1965లోనే చట్టం కత్తెర వేసింది. రాజును గుర్తించడం, సస్పెండ్ చేయడం ప్రభుత్వం చేతిలోకి వచ్చింది. 1968 చట్టం భూమి పంచే అధికారాన్ని రాజుల నుంచి తీసి ల్యాండ్ బోర్డులకు ఇచ్చింది. ఈ రెంటి మధ్య, 1967లో వచ్చింది గనుల చట్టం. నేల ఏ తెగదైనా సరే, దాని కింద దొరికే ఖనిజం దేశానిది అన్నది దాని సారం.

అదే 1967లో ఒరాపా దగ్గర డీ బీర్స్ కంపెనీ భూగర్భ శాస్త్రవేత్తలకు వజ్రాల నిక్షేపం దొరికింది. ఒరాపా ఎవరి నేల? బంగ్వాటోలది. సెరెట్సే సొంత తెగది. తర్వాత ప్రపంచంలోకెల్లా విలువైన వజ్రాల గనిగా పేరు పడ్డ జ్వానెంగ్ బంగ్వాకెట్సేల నేల మీద ఉంది. అది మసిరె సొంత తెగ. అంటే దేశాన్ని నడిపిన ఇద్దరూ తమవాళ్ల చేతికి రాగల అపార సంపదను అందరికీ రాసిచ్చేశారు. ఈ ఆలోచన 1965 నాటి పార్టీ మేనిఫెస్టోలోనే ఉంది కాబట్టి దీన్ని అప్పటికప్పుడు చేసిన త్యాగం అనలేం, ముందే ఆలోచించుకున్న విధానం. నైజీరియాలో చమురు ఎవరిదన్న గొడవ తెగల మధ్య ఎంత నెత్తురు పారించిందో తెలిసినవారికి దీని విలువ చెప్పక్కర్లేదు.

వజ్రాల సంగతి తెలుగు నేలకు కొత్త కాదు. కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో వేలమంది కూలీలు తవ్వి తీసిన రాళ్లు గోల్కొండ వజ్రాలుగా లోకమంతా మెరిశాయి. అవి సుల్తానుల ఖజానాకు, మొగలుల సింహాసనానికి, చివరికి లండన్‌కు చేరాయి. తవ్విన ఊళ్లకు దక్కింది దాదాపు ఏమీ లేదు. బోట్స్వానా కథ చదువుతుంటే నాకు పదేపదే కొల్లూరు గుర్తొచ్చింది.

బేరం

ఖనిజం దేశానిదని చట్టం ఉంటే సరిపోదు, తవ్వే కంపెనీతో బేరం కుదరాలి. 1969లో పెట్టిన గనుల సంస్థలో ప్రభుత్వానికి దక్కిన వాటా 15 శాతం. గనుల అసలు విలువ ఎంతో తెలిసొచ్చాక ప్రభుత్వం మళ్లీ కూర్చుంది. 1970ల మధ్యకి ఆ వాటాను 50 శాతానికి తెచ్చుకుంది. ఆ ఉమ్మడి సంస్థనే ఇప్పుడు డెబ్‌స్వానా అంటారు. సగం వాటాకు తోడు పన్నులు, రాయల్టీలు కలుపుకుంటే గనుల లాభంలో ఇంచుమించు 80 శాతం దాకా ఖజానాకే చేరుతుందని అంచనా. గనులను జాతీయం చేసి కంపెనీని తరిమేయలేదు, అలాగని కంపెనీ పెట్టిన చోటల్లా సంతకం కూడా చేయలేదు. చదువుకున్న స్వదేశీయులు తక్కువని మంచి లాయర్లను, ఆర్థిక నిపుణులను బయటి నుంచి జీతాలకు తెచ్చుకుని మరీ ప్రతి ఒప్పందాన్నీ బేరమాడింది.

డబ్బు వచ్చాక దాన్ని ఖర్చు పెట్టిన తీరు కూడా గమనించాలి. 1970ల మొదట్లోనే బ్రిటన్ గ్రాంటు అక్కర్లేకుండా పోయింది. 1976లో దక్షిణాఫ్రికా రాండ్‌ను వదిలి సొంత కరెన్సీ పులా తెచ్చుకున్నారు. ప్రణాళికలు వేసుకుని రోడ్లు, బడులు, క్లినిక్‌లు కట్టారు. మిగిలిన డబ్బును 1990లలో పులా ఫండ్ పేరుతో రేపటి తరాల కోసం విదేశాల్లో మదుపు చేశారు. స్వాతంత్ర్యం తర్వాత మూడు దశాబ్దాల పాటు ప్రపంచంలో అత్యంత వేగంగా ఎదిగిన ఆర్థిక వ్యవస్థల్లో బోట్స్వానా ఒకటి. 1994లో ఐక్యరాజ్యసమితి దాన్ని అత్యంత వెనకబడిన దేశాల జాబితా నుంచి తీసేసింది.

ఇదంతా నిప్పుల మధ్య నిలబడి చేశారు. చుట్టూ దక్షిణాఫ్రికా, దాని చేతిలోని నమీబియా, రొడీషియా (ఇప్పటి జింబాబ్వే). అన్నిచోట్లా తెల్ల మైనారిటీ పాలనే. ఉత్తరాన జాంబేజీ నది దగ్గర మాత్రం జాంబియాతో చిన్న హద్దు. 1977 దాకా ఈ దేశానికి సైన్యమే లేదు. 1985 జూన్‌లో దక్షిణాఫ్రికా సైనికులు రాత్రికి రాత్రి గాబొరోన్‌లోకి చొరబడి 12 మందిని చంపి వెళ్లారు. వర్ణవివక్షను వ్యతిరేకిస్తూనే, అదే దేశం మీదుగా వచ్చే రైలు మీద, సరుకు మీద ఆధారపడి బతకాల్సిన స్థితి. ఆ పరిస్థితుల్లో ఎమర్జెన్సీ పేరు చెప్పి ఎన్నికలు ఆపేయడానికి ఏ నాయకుడికైనా సాకు దొరికేది. వీళ్లు ఆపలేదు.

హెచ్ఐవీ కొట్టిన దెబ్బ

పెరిగిన ఆయుర్దాయాన్ని 1990లలో ఎయిడ్స్ వెనక్కి లాగేసింది. ఒక దశలో పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరికి పైగా హెచ్ఐవీ ఉన్న దేశం అది. అరవై దాటిన సగటు ఆయుష్షు యాభై దరిదాపులకు పడిపోయింది. పక్కన దక్షిణాఫ్రికా అధ్యక్షుడు ఎమ్‌బెకి ఆ వైరస్ గురించే సందేహాలు లేవనెత్తుతున్న రోజుల్లో, బోట్స్వానా అధ్యక్షుడు ఫెస్టస్ మొగాయే తన జాతి అంతరించిపోయే ప్రమాదంలో ఉందని బహిరంగంగా చెప్పాడు. 2002లో దేశమంతటా ఉచితంగా మందులిచ్చే పథకం మొదలైంది. ఆఫ్రికాలో ఇలా చేసిన తొలి దేశం అదే. గర్భిణులకు పరీక్షలు, మందులు అందడంతో తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకడం అతి స్వల్పానికి తగ్గింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ప్రత్యేకంగా గుర్తించింది. వజ్రాల డబ్బు మనుషుల ప్రాణాలుగా మారింది అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఈ పని చేసి, రెండు టర్ములు కాగానే 2008లో మొగాయే పదవి దిగిపోయాడు.

అన్నేళ్లు ఒకే పార్టీ ఎలా గెలిచింది?

ఎన్నికలు ఐదేళ్లకోసారి జరుగుతూనే ఉన్నాయి. ప్రతిపక్షాల మీద నిషేధం లేదు. 1969లో ఉపాధ్యక్షుడు మసిరె తన సొంత నియోజకవర్గంలోనే ఓడిపోయాడు. ఆయన్ను ఓడించింది రాజరికం వదిలి ప్రతిపక్షంలో చేరిన రెండో బాథోయెన్, 1895లో లండన్ వెళ్లిన బాథోయెన్ వంశీకుడు. మరి పార్టీ ఎందుకు ఓడలేదు?

సెరెట్సే పేరు, పల్లెల్లో పెద్దరికం, కరువు రోజుల్లో అందిన సాయం తొలి దశాబ్దాల్లో పని చేశాయి. ఆ తర్వాత కాపాడింది మనకు బాగా తెలిసిన ఎన్నికల పద్ధతే. ఒక సీటులో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వారే గెలుపు. ప్రతిపక్ష ఓటు చీలితే చాలు, అధికార పార్టీ గట్టెక్కుతుంది. 1994లో ప్రతిపక్ష బోట్స్వానా నేషనల్ ఫ్రంట్ (బీఎన్ఎఫ్) 40లో 13 సీట్లు గెలిచి బెదరగొట్టింది. నాలుగేళ్లకే ఆ పార్టీ చీలి, 13 మందిలో 11 మంది వేరు కుంపటి పెట్టుకున్నారు. 2014లో అధికార పార్టీకి చరిత్రలో తొలిసారి సగం కన్నా తక్కువ ఓట్లొచ్చాయి, సుమారు 46 శాతం. సీట్లు మాత్రం 57లో 37. ఇది అన్యాయమైన పోటీ కాదా అంటే, లెక్కలో దొంగతనం లేకపోయినా పోటీ సమానం కాదు. సర్కారు రేడియో, టీవీ పాలకుల మాటే వినిపించాయి. పార్టీలకు ప్రభుత్వ నిధులు లేవు, కాబట్టి డబ్బున్న పార్టీదే ప్రచారం.

వారసత్వం సంగతి మరీ సున్నితం. దేశాధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోరు, పార్లమెంటులో మెజారిటీ వచ్చిన పార్టీ నాయకుడే అధ్యక్షుడు. 1990ల చివర్లో రాజ్యాంగం మార్చి పదేళ్ల పరిమితి పెట్టారు, అది మంచిదే. కానీ అధ్యక్షుడు తప్పుకుంటే ఉపాధ్యక్షుడు ఆటోమేటిక్‌గా ఆ కుర్చీలోకి వస్తాడు. దాంతో 1998, 2008, 2018లో ఒక్కో అధ్యక్షుడు ఎన్నికలకు ఏడాదిన్నర ముందే దిగిపోయి, తాను ఎంచుకున్న వారసుణ్ణి కూర్చోబెట్టాడు. ఆ వారసుడు పదవిలో ఉండి ఎన్నికలకు వెళ్లేవాడు. 2008లో ఇలా వచ్చినవాడు సెరెట్సే కొడుకు, మాజీ సైన్యాధిపతి ఇయాన్ ఖామా. ఆయన కాలంలోనే ఇంటెలిజెన్స్ సంస్థ బలం పెరిగింది, పత్రికలకు ఊపిరాడలేదు, పార్టీలో తొలి చీలిక వచ్చింది.

కోర్టులు మాత్రం చాలాసార్లు ప్రభుత్వానికి ఎదురు నిలిచాయి. యూనిటీ డౌ అనే లాయర్ అమెరికన్‌ను పెళ్లి చేసుకుంది. తండ్రి విదేశీయుడు కాబట్టి బోట్స్వానాలోనే పుట్టినా ఆమె పిల్లలు పౌరులు కారని చట్టం చెప్పింది. ఆమె కేసు వేసి 1992లో పై కోర్టులోనూ గెలిచింది. తర్వాత దేశంలో తొలి మహిళా హైకోర్టు జడ్జి అయింది. అయినా ఇవాళ్టికీ పార్లమెంటులో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

బసార్వాల పట్ల జరిగింది ఈ అరవై ఏళ్ల కథలో మచ్చ. వేల ఏళ్లుగా కలహారిలో బతికిన జనాన్ని 1997లో, 2002లో సెంట్రల్ కలహారి అభయారణ్యం నుంచి ఖాళీ చేయించారు. నీటి బోరును మూసేశారు. వాళ్లు కోర్టుకెక్కి 2006లో గెలిచారు. ప్రభుత్వం ఆ తీర్పును వీలైనంత కుదించి అమలు చేసింది. తమ నేలలో బోరు వాడుకునే హక్కు కోసం 2011 దాకా మళ్లీ పోరాడాల్సి వచ్చింది. అడవిలో తన పూర్వీకుల పక్కన పూడ్చిపెట్టమన్న ఒక పెద్దాయన మృతదేహం అనుమతి లేక ఏళ్ల తరబడి మార్చురీలో ఉండిపోయింది. 2024 డిసెంబర్‌లో, ప్రభుత్వం మారాకే ఆ అంత్యక్రియలు జరిగాయి. వజ్రాలు అందరివీ అన్న దేశం, ఈ జనాన్ని 'అందరి'లో లెక్కించడానికి ఇంత ఆలస్యం చేసింది.

2024లో ఏం జరిగింది

2018లో అధ్యక్షుడైన మొక్‌గ్వీట్సీ మసీసీకి, ఆయన్ను కూర్చోబెట్టిన ఇయాన్ ఖామాకు త్వరలోనే చెడింది. ఖామా పార్టీ వదిలాడు, కేసులు పడ్డాయి, 2021 నుంచి దక్షిణాఫ్రికాలో ఉన్నాడు. ఎన్నికల ముందు తిరిగొచ్చి తండ్రి పెట్టిన పార్టీకే వ్యతిరేకంగా ప్రచారం చేశాడు. కానీ ఈ కలహమే పార్టీని ఓడించింది అనేవారితో నేను ఏకీభవించను. ప్రయోగశాలల్లో తయారయ్యే వజ్రాలు చవగ్గా రావడంతో, చైనా, అమెరికాల్లో కొనుగోళ్లు తగ్గడంతో గనుల ఆదాయం పడిపోయింది. నిరుద్యోగం పాతిక శాతం దాటింది, కుర్రాళ్లలో ఇంకా ఎక్కువ. ఆసుపత్రుల్లో మందులకు కటకట. దేశంలో ధనిక పేద తేడా ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్నవాటిలో ఒకటి. తాతలు చూసిన కరువు గానీ, సెరెట్సే చేసిన మేలు గానీ కొత్త ఓటరుకు అనుభవం కాదు. అతనికి తెలిసింది డిగ్రీ చేతిలో పెట్టుకుని ఖాళీగా ఉండటం.

ఫలితం చూడండి. అధికార పార్టీకి సుమారు 30 శాతం ఓట్లు, ఓట్లలో రెండో స్థానం. సీట్లు 61లో నాలుగు. సీట్లలో నాలుగో స్థానం. బోకో నాయకత్వంలోని కూటమి యూడీసీకి (అంబ్రెల్లా ఫర్ డెమోక్రటిక్ చేంజ్) సుమారు 37 శాతం ఓట్లతో 36 సీట్లు. ఏళ్ల తరబడి ఒక పార్టీని మోసిన పద్ధతే ఈసారి దాన్ని ముంచింది. దేశమంతా పలచగా పరుచుకున్న ఓటు ఎక్కడా గెలిపించలేదు. బోట్స్వానా కాంగ్రెస్ పార్టీ (బీసీపీ)కి 15, ఖామా మద్దతిచ్చిన పార్టీకి ఐదు వచ్చాయి. అంటే ప్రతిపక్షాలు అప్పటికీ ఏకం కాలేదు, అయినా మార్పు ఆగలేదు.

లెక్కింపు పూర్తి కాకముందే మసీసీ ప్రెస్ ముందుకొచ్చి ఓటమి ఒప్పుకున్నాడు, అధికార మార్పిడికి సహకరిస్తానన్నాడు. అదే రోజు బోకో ప్రమాణం చేశాడు. ఆయన హార్వర్డ్‌లో చదివిన మానవ హక్కుల లాయర్, బసార్వాల తరఫున వాదించినవాడు. 2019లో సొంత సీటులోనే ఓడిపోయాడు. అప్పుడు యూడీసీ వేసిన ఎన్నికల పిటిషన్లను కోర్టు కొట్టేస్తే, తీర్పును ఒప్పుకుని మళ్లీ జనంలోకి వెళ్లింది. 2024 ప్రశాంతంగా ముగియడానికి ఒక్క మసీసీ మంచితనమే కారణం కాదు. 1969లో మసిరె, 2019లో బోకో, ఓడినవాళ్లు ఓడినట్టు ఉండటం అక్కడ అరవై ఏళ్ల అలవాటు.

గెలిచాక

కొత్త ప్రభుత్వానికి దొరికింది ఖాళీ అవుతున్న ఖజానా. 2024లో ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. డెబ్‌స్వానా ఉత్పత్తి తగ్గించుకోవాల్సి వచ్చింది. ఎగుమతుల్లో ఇంచుమించు 80 శాతం వజ్రాలే అయిన దేశానికి ఇది మామూలు దెబ్బ కాదు. 2025 ఆగస్టులో మందుల కొరత కారణంగా బోకో ప్రజారోగ్య ఎమర్జెన్సీ ప్రకటించాడు. హెచ్ఐవీ మందులను ఊరూరా ఉచితంగా చేర్చిన దేశంలో ఆ ప్రకటన వినడం బాధ కలిగించింది. నెలకు 4,000 పులాల కనీస వేతనం వంటి ఎన్నికల వాగ్దానాలకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలో ఆయనకు ఇంకా దారి దొరకలేదు.

ఈ సంక్షోభంతో మనకూ సంబంధం ఉంది. ప్రపంచంలో తవ్విన వజ్రాల్లో అత్యధిక భాగానికి సానపట్టేది సూరత్. బోట్స్వానా రాయి ధర పడితే అక్కడి కార్మికుడి జీతం పడుతుంది. బోట్స్వానా గనులను దెబ్బతీస్తున్న ప్రయోగశాల వజ్రాలను పెద్ద ఎత్తున తయారుచేస్తున్నదీ సూరతే.

డీ బీర్స్‌తో 2025 ఫిబ్రవరిలో కుదిరిన కొత్త ఒప్పందం ప్రకారం, గనుల్లో వచ్చే వజ్రాల్లో బోట్స్వానా సొంతంగా అమ్ముకునే భాగం 30 శాతంతో మొదలై ఐదేళ్ల తర్వాత 40కి, పదేళ్ల తర్వాత ఒప్పందాన్ని పొడిగిస్తే 50కి చేరాలి. ఇంతలో డీ బీర్స్‌లో 85 శాతం వాటా ఉన్న ఆంగ్లో అమెరికన్ అనే గనుల కంపెనీ ఆ వాటాను వదిలించుకోవాలనుకుంటోంది. మిగతా 15 శాతం బోట్స్వానాదే. కంపెనీ మీద తన పట్టు పెంచుకోవాలని బోకో పట్టుబడుతున్నాడు. ధర పడిపోతున్న వ్యాపారంలో ఉన్న కొద్దిపాటి డబ్బు పెట్టడం సరైనదేనా అన్న వాదన దేశంలో గట్టిగానే ఉంది. నాకు ఆ అనుమానం న్యాయంగానే అనిపిస్తుంది. 1970లలో వాటా పెంచుకున్నప్పుడు ముందు ఉన్నది ఎదిగే మార్కెట్. ఇప్పుడు అది లేదు. పర్యాటకం, రాగి, సోలార్ విద్యుత్ అని ప్రణాళికలు వినిపిస్తున్నాయి గానీ, అవేవీ ఇప్పట్లో వజ్రాల లోటు పూడ్చలేవు.

రాజకీయంగా మిగిలిన పని రాజ్యాంగం. అధ్యక్షుడి చేతిలో ఇప్పటికీ అధికారాలు మితిమీరి ఉన్నాయి. మసీసీ ప్రభుత్వం తెచ్చిన రాజ్యాంగ సవరణ బిల్లు ఎన్నికల ముందే పార్లమెంటులో వీగిపోయింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఈ అధికారాలను విమర్శించిన బోకో ఇప్పుడు వాటినే అనుభవిస్తున్నాడు. ఉపాధ్యక్షుడు ఆటోమేటిక్‌గా అధ్యక్షుడయ్యే ఏర్పాటును ఆయన తీసేస్తాడా అన్నదాన్ని బట్టి ఆయన్ను అంచనా వేయాలి. 58 ఏళ్లు ఏలిన పార్టీ ఇప్పుడు నలుగురు ఎంపీలతో ప్రతిపక్ష బెంచీల్లో ఉంది. ప్రధాన ప్రతిపక్షం హోదా కూడా బీసీపీదే. కానీ ఓటేసిన పది మందిలో ముగ్గురు ఆ పార్టీకే ఓటేశారు, అది చిన్న బలం కాదు. తర్వాతి ఎన్నికలు 2029లో జరగాలి.